డాక్టర్ సలహా: స్టెమ్‌సెల్ సంగతి తరువాత, ముందు ఆ సిరప్ గురించి మాట్లాడుకుందాం

ప్రశ్న: మా బాబుకు 3 సంవత్సరాల 2 నెలలు. ఏడాదిన్నర వయసులో ‘అమ్మ’, ‘తాత’, ‘బువ్వ’ అనేవాడు. రెండేళ్లు నిండకముందే ఆ మాటలు ఆగిపోయాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారును బోర్లించి చక్రాలు తిప్పుతూ కూర్చుంటాడు. ఒక్కోసారి ఆడుతూ ఆడుతూనే కొన్ని క్షణాలు ఎటో చూస్తూ ఉండిపోతాడు. వాళ్ల నాన్నకు కూడా నాలుగేళ్లకే మాటలు వచ్చాయని మా అత్తగారు చెప్పడంతో ఇన్నాళ్లు ఆగాము. ఈమధ్య పిల్లల డాక్టరు ఆటిజం కావచ్చన్నారు. తెలిసినవారి అబ్బాయికి రాసిన రిస్పెరిడోన్ సిరప్‌ను మూడు వారాలుగా రాత్రిపూట కొద్దిగా వేస్తున్నాము, అల్లరి తగ్గింది. స్టెమ్‌సెల్ చికిత్స చేయిస్తే మాటలు వస్తాయంటున్నారు. పొలం అమ్మైనా చేయించాలనుకుంటున్నాము. ఎన్నిసార్లు చేయించాలి? – ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఓపీ మధ్యలో దొరికిన సమయంలో ఇది రాస్తున్నాను. బాబును చూడకుండా రోగ నిర్ధారణ చేయలేను కాబట్టి ఈ జవాబును మీ డాక్టరును అడగవలసిన విషయాల పట్టికగా మాత్రమే తీసుకోండి. మీరు స్టెమ్‌సెల్ గురించి అడిగారు కానీ, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి ఒక్కొక్క వాక్యంతో మీరు దాటేసిన మూడు సంగతులు: సిరప్, వచ్చిన మాటలు పోవడం, ఎటో చూస్తూ ఉండిపోవడం.

రిస్పెరిడోన్ మానసిక రుగ్మతలకు వాడే యాంటీసైకోటిక్ తరగతి మందు. అది ఆటిజానికి మందు కాదు, మాటలు తెప్పించదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి విపరీతమైన చికాకు, ఇతరులపై దాడి చేయడం, తల గోడకేసి కొట్టుకోవడం వంటివి ఉన్నప్పుడు, వాటిని అదుపు చేయడానికి వైద్యుల పర్యవేక్షణలో దీనిని వాడతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో ఈ అవసరానికి అనుమతి ఇచ్చింది కూడా 5 నుంచి 16 సంవత్సరాల వారికే. మీ బాబుకు మూడేళ్లు. పైగా మీరు రాసినదానిలో అల్లరి తప్ప అటువంటి లక్షణమేదీ నాకు కనిపించలేదు. ఈ మందు మీద 2002లో వెలువడిన ప్రధాన అధ్యయనంలో 101 మంది పిల్లలు పాల్గొన్నారు. ఎనిమిది వారాల్లో మందు వాడినవారి బరువు సగటున 2.7 కిలోలు పెరిగితే, ఉత్తుత్తి మందు తీసుకున్నవారి బరువు 0.8 కిలోలు పెరిగింది. మగత, ఆకలి పెరగడం, కండరాలు బిగుసుకుపోవడం కూడా దీని దుష్ప్రభావాలే. అల్లరి తగ్గిందని మీరు సంతోషిస్తున్నారు. అది బాబు కుదుటపడటం వల్లనా, మందు మత్తు వల్లనా అన్నది మీ ఉత్తరం చదివి చెప్పలేను, కానీ నా అనుమానం రెండోదాని మీదే.

ఇంకొక మాట. ఈ సిరప్ సాధారణంగా ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము మందు ఉండేలా వస్తుంది. దానిని వంటింటి టీస్పూనుతో కొలిస్తే ఒక్క చెంచాకే దాదాపు అయిదు మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. అది ఈ వయసు పిల్లవాడికి చాలా ఎక్కువ. మీరు ‘కొద్దిగా’ అని రాశారు. ఆ కొద్దిగా అంటే ఎంతో నాకు తెలియదు, బహుశా మీకూ కచ్చితంగా తెలియకపోవచ్చు. సరైన మోతాదు ఎంతో ఇక్కడ రాయను, రాస్తే రేపు మరొక ఇంట్లో దానినే చూసి వేస్తారు. ఇంకో డోసు వేసే ముందు మీ పిల్లల డాక్టరుతో ఫోనులోనైనా మాట్లాడి, ఎలా ఆపాలో ఆయన చెప్పినట్టు చేయండి. ఈలోగా మెడ ఒక పక్కకు తిరిగిపోయినా, కనుగుడ్లు పైకి వెళ్లి నిలిచిపోయినా, ఒళ్లు బిగుసుకుని జ్వరం వచ్చినా, లేపినా లేవకపోయినా ఫోన్ల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఒక పిల్లవాడి చీటీ మీద ఇంకొక పిల్లవాడికి మందు వేయడం మన ఇళ్లలో జ్వరం మందుతో మొదలై ఇంతవరకు వచ్చింది. మిమ్మల్ని నొప్పించాలని కాదు, చదువుకున్నవారు కూడా ఇదే చేస్తున్నారు.

మీ అత్తగారి మాటకు వస్తాను. మాట ఆలస్యంగా రావడం వేరు, వచ్చిన మాట పోవడం వేరు. తండ్రికి నాలుగేళ్లకు మాటలు వచ్చి ఉండవచ్చు, కానీ ఆయన అంతకుముందు మాట్లాడిన మాటలను పోగొట్టుకోలేదు కదా. ఏ వయసులోనైనా పిల్లవాడు నేర్చిన మాటను, చేతల్ని కోల్పోతే ఒక్క నెల కూడా ఆగకూడదు. ఆటిజాన్ని ముందుగా పసిగట్టడానికి ఇరవై ప్రశ్నలతో చేసే ఎమ్‌చాట్ అనే పరిశీలన 16 నుంచి 30 నెలల వయసుకు ఉద్దేశించినది. మీరు ఆగిన కాలంలోనే బాబు ఆ వయసు దాటిపోయాడు. ఆలస్యమైందని థెరపీ పనికిరాకుండా పోదు, కానీ ఇక ఆగడానికి మాత్రం కారణం లేదు.

ఎటో చూస్తూ ఉండిపోవడం ఆటిజం లక్షణమే కావచ్చు, మూర్ఛలో ఒక రకమూ కావచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇది సిరప్ మొదలుపెట్టక ముందు నుంచీ ఉందా, తరువాత వచ్చిందా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి. ఎందుకంటే ఈ తరగతి మందులు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని కొంత పెంచగలవు. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష అవసరమో లేదో పిల్లల నరాల వైద్యులు నిర్ణయిస్తారు. శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే ‘బెరా’ అనే వినికిడి పరీక్ష కూడా చేయించండి. టీవీలో పాట వస్తే పరుగెత్తుకొస్తాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని చాలామంది తల్లిదండ్రులు అంటారు, అది సరిపోదు. మన హైదరాబాదుతో సహా దేశంలోని అయిదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 3,964 మందిని పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి ఎనిమిది మందిలో సుమారు ఒకరికి ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక సమస్య ఉన్నట్టు తేలింది. వారిలోనూ దాదాపు అయిదింట ఒక వంతు పిల్లలకు ఒకటి కంటే ఎక్కువ సమస్యలు ఉన్నాయి. వినికిడి లోపం అక్కడ ఎక్కువగా కనిపించిన వాటిలో ఒకటి. అందువల్ల ఆటిజం అన్న పేరు వచ్చింది కదా అని మిగతా పరీక్షలు మానకూడదు.

ఇక స్టెమ్‌సెల్, అంటే మూలకణాలను శరీరంలోకి ఎక్కించే చికిత్స. ఎన్నిసార్లు అన్న ప్రశ్నకు నా జవాబు ఒక్కసారి కూడా వద్దనే. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌లో, అంటే చికిత్స పనిచేస్తుందో లేదో పరీక్షించే పరిశోధనలో తప్ప ఆటిజానికి ఈ చికిత్స చేయకూడదు. ట్రయల్ అయితే పాల్గొన్న రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు కాబట్టి, పొలం అమ్మవలసిన అవసరం వచ్చిందంటేనే అది ట్రయల్ కాదని గ్రహించండి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 180 మంది పిల్లలకు మూలకణాలుండే బొడ్డుతాడు రక్తంతోనో, ఉత్తుత్తి ఇంజక్షనుతోనో చికిత్స చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. ప్రధానంగా కొలిచిన సామాజిక నైపుణ్యాల్లో రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు.

పొలం అమ్మకుండా జరిగే పని ఒకటి ఉంది. గోవాలోను, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోను 65 మంది ఆటిజం పిల్లల కుటుంబాలతో చేసి 2016లో ప్రచురించిన ‘పాస్’ అధ్యయనంలో, నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చారు. తల్లి బిడ్డతో ఆడుతుండగా వీడియో తీసి, ఇద్దరూ కూర్చుని దానిని మళ్లీ చూసి, బిడ్డ చూపు ఎటు పోతోందో గమనించడం నేర్పారు. తల్లి స్పందించే తీరూ, బిడ్డ తనంతట తాను పలకరించడమూ మెరుగుపడ్డాయి. మీ బాబు చక్రం తిప్పుతున్నప్పుడు కారు లాక్కోకండి. ఎదురుగా నేల మీద కూర్చుని ‘తిరుగుతోంది’ అని ఒక్క మాట అని, వాడు మీ వైపు చూసేదాకా ఆగండి. ఇది స్పీచ్ థెరపీకి ప్రత్యామ్నాయం కాదు, దానికి తోడు. థెరపీ కోసం జిల్లా ఆసుపత్రిలో సత్వర చికిత్సా కేంద్రం, అంటే డీఈఐసీ, ఉందేమో అడగండి. వీలైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న, మేధోవైకల్యం గల వారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లండి. నిర్ధారణ అయితే వైకల్య ధ్రువపత్రం తీసుకోవడానికి సంకోచించకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, ఆ పత్రం ఉంటే లక్ష రూపాయల వరకు వర్తించే ‘నిరామయ’ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లేలోగా బాబు అలా చూస్తూ ఉండిపోయినప్పుడల్లా ఫోనులో వీడియో తీయండి. ఆ సమయంలో పేరు పెట్టి పిలిచి, భుజం తట్టి, స్పందన ఉందో లేదో అందులో కనిపించేలా చూడండి. ఏడాదిన్నర వయసులో ‘తాత’ అన్న పాత వీడియోలు ఉంటే అవీ వెతికి పెట్టుకోండి. సిరప్ సీసానూ, మీరు కొలిచిన చెంచానూ రెండింటినీ వెంట తీసుకెళ్లండి.