కొటేషన్ కంటే ముందు మనిషిని చూడండి

ఇంటికీ షాపుకీ కలిపి కెమెరాలు, అలారం పెట్టించాలి, మూడు కొటేషన్లు వచ్చాయి, ఎవరికివ్వాలని అడిగారు. రేట్లు కాసేపు పక్కన పెట్టి, ఆ ముగ్గురూ మిమ్మల్ని ఏమేం అడిగారో గుర్తు చేసుకోండి.

మొదటిసారి నేను ఫోన్‌లోనే బేరమాడి నాలుగు కెమెరాలకు ఒప్పుకున్నాను. వచ్చినాయన నిచ్చెన ఎక్కడ ఆనితే అక్కడ బిగించి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు షాపులో సరుకు పోయింది. మేం గమనించేసరికే వారం దాటింది, రికార్డింగ్ చూస్తే ఐదు రోజులదే ఉంది. లెక్క తర్వాత తెలిసింది: ఒక కెమెరా 4 ఎంబీపీఎస్‌తో, అంటే సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున, రాత్రీ పగలూ రికార్డ్ చేస్తే రోజుకు సుమారు 43 జీబీ. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. ఉన్న రికార్డింగ్‌లోనూ గుమ్మంలోంచి వచ్చేవాళ్లంతా బయటి వెలుతురుకు నల్లటి నీడల్లా ఉన్నారు. సెట్టింగులు మారుద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంది, ఆయనేమో ఫోన్ ఎత్తడు.

రెండోసారి వచ్చినతను ముందు షాపంతా తిరిగి చూశాడు. "మొహం గుర్తుపట్టాలా, ఎవరో వచ్చారని తెలిస్తే చాలా?" అని ఒక్కో చోటా అడిగాడు. 2.8 ఎంఎం లెన్స్ గదంతా చూపిస్తుంది గానీ దూరంగా ఉన్న మొహం పట్టదని, గేటుకు 6 ఎంఎం రాశాడు. గుమ్మానికి డబ్ల్యూడీఆర్ (వెనక వెలుతురు ఎక్కువున్నా మొహం నల్లబడకుండా చూపించే ఏర్పాటు) ఉన్న కెమెరా. యూపీఎస్ మీద రికార్డర్‌తో పాటు రూటర్ కూడా ఉండాలన్నాడు, లేకపోతే కరెంటు పోయినప్పుడు ఫోన్‌కు అలర్ట్ రాదు కదా. అలారం సెన్సర్లనేమో ఎండ పడే కిటికీకి ఎదురుగా పెట్టనన్నాడు, ఆ వేడికి ఊరికే మోగొచ్చట. పని బాగా తెలిసినవాడని నాకు అప్పుడే అనిపించింది.

కేబుల్ దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. అసలు రాగిదా, రాగి పూత వేసిన అల్యూమినియమా అన్నది బిల్లు మీద రాయించండి. గోడల్లోకి వెళ్లిపోయాక ఎవరు తవ్వి చూస్తారు!

పాస్‌వర్డ్ మీ ఎదుటే మార్పించి, మీరే రాసుకోండి. యాప్ అకౌంట్ కూడా మీ ఫోన్ నంబరు మీదే ఉండాలి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు (రికార్డర్లు) లాంటి వాటిలోకే చొరబడింది.

పాత కస్టమర్ల నంబర్లు అడిగితే, నిన్నమొన్న పెట్టించుకున్నవాళ్లవి కాకుండా రెండేళ్ల కిందటివాళ్లవి అడగండి. రిపేరుకు పిలిస్తే ఎన్ని రోజులకు వచ్చాడో వాళ్లే చెప్తారు.

మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వకండి. రాత్రి లైట్లార్పి, అటూ ఇటూ నడిచి, ఆ రికార్డింగ్ మీరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని చూశాక మిగతాది ఇవ్వండి. నేను అలా చూసినప్పుడు వెనక కెమెరాలో అంతా తెల్లగా వచ్చింది. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పక్క గోడకు తగిలి తిరిగి కొడుతోందట. మర్నాడు వచ్చి జానెడు పక్కకు జరిపాడు, అప్పుడు మిగిలిన డబ్బు ఇచ్చాను.