గూట్లో హమ్మింగ్‌బర్డ్ పిల్లలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. వంటింటి కిటికీ ఎదుట ఉన్న నిమ్మచెట్టు మీద హమ్మింగ్‌బర్డ్ గూడు పెట్టి రెండు పిల్లలను పొదిగింది. ఫొటోలు తీద్దామంటే ఆకులు అడ్డం వస్తున్నాయి. కాస్త కొమ్మ కత్తిరిస్తే చాలని మావారు అంటున్నారు. పైగా ఈ మధ్య తల్లి రాత్రిళ్లు గూట్లో కనిపించడం లేదు. వదిలేసి వెళ్లిపోయిందేమోనని దిగులుగా ఉంది.

జవాబు: చాలావరకు దిగులు అక్కరలేదు. పిల్లలకు ఈకలు వచ్చి తమ ఒంటి వేడిని తామే నిలుపుకోగలిగాక తల్లి వాటిని పొదగడం మానేసి, మేత పెట్టడానికి మాత్రమే వస్తుంది. అదీ క్షణాల్లో ముగించి వెళ్లిపోతుంది కనుక, మీరు పొయ్యి వైపు తిరిగేలోపు వచ్చి వెళ్లినా తెలియదు. లోపలే కూర్చుని ఒక గంటసేపు చూపు తిప్పకుండా గమనించండి. అప్పటికీ రాకపోతే స్థానిక వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి ఫోన్ చేయండి. చక్కెర నీళ్లు మాత్రం పట్టవద్దు. పిల్లలు ఎదగడానికి తల్లి తెచ్చే చిన్న పురుగులు కూడా కావాలి.

కొమ్మ జోలికి వెళ్లవద్దని మీవారికి గట్టిగానే చెప్పండి. ఆ ఆకులే పిల్లలకు ఎండ తగలకుండా, కాకులూ జే పక్షులూ చూడకుండా కాపాడుతున్నాయి. సాలెగూటి దారాలతో, దూదిలాంటి నూగుతో తల్లి ఒక్కతే అల్లుకున్న ఆ గూడు, మీ చెట్టు నిమ్మకాయను అడ్డంగా కోస్తే వచ్చే చెక్కంత ఉంటుంది. పిల్లలు పెరిగేకొద్దీ సాగుతుంది కూడా. గూటిని పట్టుకున్న కొమ్మ కదిలితే అది ఒరిగిపోవచ్చు. పిల్లలున్న గూటిని పాడుచేయడం 1918 నాటి అమెరికా వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం నేరం కూడా. మీ వైపు ఏడాది పొడుగునా ఉండే అన్నాస్ హమ్మింగ్‌బర్డ్‌కూ ఆ చట్టం వర్తిస్తుంది.

ఇక ఫొటో సంగతి. మీకు వంటింటి కిటికీని మించిన చోటు లేదు. అద్దాన్ని లోపలి వైపు మాత్రమే తుడిచి, లైటు ఆర్పి, లెన్సును అద్దానికి దాదాపు ఆనించి పెడితే ప్రతిబింబాలు రావు. 300 మిల్లీమీటర్ల లెన్సు, ట్రైపాడ్, శబ్దం లేని షట్టర్ ఉంటే చాలు, ఫ్లాష్ వద్దు. ఆకు అడ్డమైతే కెమెరాను పక్కకు జరిపి చూడండి, తప్పకపోతే ఆకుతో సహా తీయండి. ఆకు కనిపించే ఫొటోయే నిజమైన గూటి ఫొటో అని నా అభిప్రాయం. తల్లి గూటి అంచున వాలి, పొడుగాటి ముక్కును పిల్ల గొంతులోకి నిలువునా దించి మేత కక్కుతుంది. మొదటిసారి చూసేవారికి పొడిచేస్తున్నదేమో అనిపిస్తుంది. ఆ క్షణానికి సెకనులో వెయ్యో వంతు షట్టర్, ఎఫ్/8 అపర్చర్ (లెన్సు రంధ్రం కొలత) సరిపోతాయి. అప్పుడే తల్లి కన్నూ, పిల్లల ముక్కులూ కలిపి స్పష్టంగా వస్తాయి. ఎగిరేటప్పుడు రెక్కలు మసకబారినా బాధపడకండి, అవి సెకనుకు సుమారు నలభై సార్లు కొట్టుకుంటాయి.

పిల్లలు అంచుకు ఎక్కి రెక్కలు ఆడిస్తున్నాయంటే ఎగిరే రోజు దగ్గరపడ్డట్టు. గుడ్డు నుంచి వచ్చిన సుమారు మూడు వారాలకు అవి గూడు వదులుతాయి. ఆ చివరి రోజుల్లో ఎవరూ చెట్టు దగ్గరకు వెళ్లకూడదు. బెదిరితే సరిగా ఎగరలేకపోయినా దూకేస్తాయి. సెల్‌ఫోన్‌ను కర్రకు కట్టి పైనుంచి తీసే ఆలోచన ఎప్పుడూ వద్దు.

ప్రశ్న: మా విశాఖపట్నం ఇంటి తీగకు సంచిలా వేలాడే గూడు ఉంది. ఇది కూడా హమ్మింగ్‌బర్డేనా?

జవాబు: కాదు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మీది తేనెపిట్ట గూడు కావచ్చు. దాని ద్వారం పక్కకు ఉంటుంది కాబట్టి పిల్లలు పెద్దవై తలలు బయట పెట్టేవరకు లోపల ఏమీ కనిపించదు. ద్వారానికి ఎదురుగా ఉన్న కిటికీ లోపల కెమెరా నిలిపి, ఫోకస్‌ను ద్వారం మీదే ఉంచి కాచుకోండి.