మొండెం అనవచ్చునా? పొట్ట, కడుపు, ఉదరం ఒకటేనా?

సందేహం: కోనసీమలో పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతున్నాను. మనిషి బొమ్మలో మెడ నుంచి మొల దాకా ఉండే భాగానికి పాఠంలో ‘మొండెం’ అని రాస్తే, ఒక విద్యార్థి తాతగారు అది శవానికి వాడే మాట కదా అన్నారు. వేరే మాట ఉందా? పొట్ట, కడుపు, ఉదరం అనే మూడింటినీ ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చునా?
– ఒక డ్రాయింగు మాస్టారు, అమలాపురం

సమాధానం: తాతగారి అభ్యంతరంలో పస లేకపోలేదు. మొండిచెయ్యి, మొండిగోడ అన్నప్పుడు ‘మొండి’కి కొస తెగినదనే అర్థం, మొండెం అనగానే తల తెగిన దేహమే ముందు తోస్తుంది, పత్రికల్లో హత్యల వార్తలు చదివేవారికి మరీను. అయితే బొమ్మ నేర్చుకునేవాడు చేసే పనీ అదే: తలనూ కాళ్ళూచేతులనూ పక్కనబెట్టి నడిమి భాగాన్ని మాత్రమే చూడటం. చిత్రకారులు వాడే ‘టార్సో’ కూడా ఇటాలియన్‌లో కాడ, మోడు అనే అర్థాలున్న మాటే. కనుక పాఠం పేరుగా మొండెం ఉండవచ్చు. బతికున్న మనిషిని వర్ణించే వాక్యంలో మాత్రం ‘అతని మొండెం కుడివైపు వంగింది’ అనకండి. ‘నడుము పైభాగం’ అంటే సరిపోతుంది. కబంధం అందామా అంటే అది ఇంకా ఇబ్బంది. అమరకోశం ప్రకారం అది తల లేకుండానే కదలాడే కళేబరం. రామాయణంలోని కబంధుడికి నోరు పొట్టలో ఉంటుంది. బొమ్మ వేయడానికి సరదాగానే ఉంటాడు గాని, శరీర నిర్మాణం నేర్పడానికి పనికిరాడు.

ఇక రెండో ప్రశ్న. అమరకోశం పిచండ, కుక్షి, జఠర, ఉదర, తుంద శబ్దాలను ఒకేచోట పర్యాయపదాలుగా చెప్పింది గాని, ఇప్పటి వాడుక వాటిని పంచిపెట్టింది. జఠరరసం అన్నప్పుడు జఠరం జీర్ణాశయం మాత్రమే. ఉదరం రొమ్ముకూ కటికీ నడుమ ఉన్న భాగమంతా. తెలుగు మాటల్లో తేడా ఇంకా స్పష్టం. కడుపు లోపలిది: కడుపు మండుతుంది, నిండుతుంది, పండుతుంది, కడుపుతీపి కంటికి కనబడదు. పొట్ట పైకి కనబడేది. మీ పక్క చేలల్లో వెన్ను ఇంకా బయటికి రాకముందు ఆకు తొడుగు ఉబ్బి కనిపించే దశను రైతులు ‘చేను పొట్ట మీదుంది’ అంటారు. ‘కడుపు మీదుంది’ అనరు. బొమ్మ పైరూపానిది కాబట్టి గీసే భాగానికి పొట్ట అనీ, కండరాల పేర్లు చెప్పేచోట ఉదరం అనీ వాడుకోండి. పొత్తికడుపు ఒక్కటే మినహాయింపు. బొడ్డుకు దిగువ భాగానికి అంతకంటే మంచి మాట లేదు.

మీరు అడగకపోయినా ఇంకో మాట గుర్తుచేస్తాను, అది డొక్క. డొక్కశుద్ధి అంటూ దాన్ని పాండిత్యానికి అంటగట్టాం గాని, చిత్రకారుడికి అది చాలా అవసరమైన చోటు. పన్నెండు జతల పక్కటెముకల్లో పై ఏడు జతలు రొమ్ము ఎముకకు నేరుగా అతుకుతాయి. తరువాతి మూడు జతల మృదులాస్థి తమ పైదానితో కలిసి పొట్టకు ఎగువన కమానుగా ఏర్పడుతుంది. చివరి రెండు జతలకు ముందు కొసలు దేనికీ అతకవు. ఆ కమాను అంచుకూ తుంటి ఎముకకూ మధ్య, పక్కవాటున ఎముక అడ్డం లేని మెత్తని జాగాయే డొక్క. కొబ్బరి దింపు తీసే మనిషిని చూడమనండి. మోకాళ్ళు ముడుచుకుని చెట్టెక్కేటప్పుడు డొక్క కుదించుకుపోయి పొట్ట మడతలు పడుతుంది. పైన ఒంటిచేత్తో మట్ట పట్టుకుని గెల కోసం సాగినప్పుడు, సాగిన పక్క డొక్క లోపలికి పోయి పక్కటెముకల కమాను తేలుతుంది.

ఆ మడతలకు మన కవులు పెట్టిన పేరు వళులు, అవే త్రివళి. పిల్లలు సినిమా హీరోల ‘సిక్స్ ప్యాక్’ గీస్తూ, అక్కడి అడ్డగీతలనూ ఈ వళులనూ ఒకటే అనుకుంటారు. వళి చర్మపు మడత, ఒళ్ళు వంగినప్పుడు పడుతుంది. ఆ అడ్డగీతలు నిలువు ఉదర కండరానికి అడ్డంగా ఉన్న నారకట్లు. ఒంట్లో కొవ్వు తక్కువగా ఉండి కండ బిగిస్తేనే కనబడతాయి. ఇవి సాధారణంగా మూడు: రొమ్ము ఎముక కొస దగ్గర ఒకటి, బొడ్డు దగ్గర ఒకటి, ఆ రెంటికీ నడుమ ఒకటి. బొడ్డు కింద చాలామందికి కట్టు ఉండదు గనుక అక్కడ కండను పొడుగాటి పలకగానే వదిలేయాలి. బొజ్జ ఉన్నవాడికి ఈ గీతలు గీస్తే తప్పు భాషలో కాదు, బొమ్మలో.

బొడ్డు అనడం మోటు, నాభి అనాలి అని ఎవరైనా దిద్దితే పట్టించుకోనక్కరలేదు. రెండూ మర్యాదైన మాటలే.