చిట్టెం రాళ్ల కుప్పలో చదవడానికి ఏముంటుంది?

"పాత పరిశ్రమల గురించి రికార్డులు, ఫోటోలు ఉంటాయి కదా, మళ్లీ పురావస్తు శాస్త్రం పేరుతో తవ్వి చూడటం, ఆ శిథిలాలను కాపాడటం అవసరమా?" అని ఒకరు నన్ను అడిగారు.

మిల్లుకు రికార్డులు ఉంటాయి. కమ్మరి కొలిమికి ఎవరు రాసి పెట్టారు? మాది నిజామాబాద్ జిల్లా, కమ్మర్‌పల్లి వైపు. మా చేనులో జరిగింది చెప్తాను.

మా గట్టు పక్కన నడుమెత్తు నల్లరాళ్ల కుప్ప ఉండేది. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా ఎక్కితే కాళ్లు కోసుకుపోయేవి. ఊళ్లో అందరూ చిట్టెం రాళ్లు అనేవారు. చిట్టెం అంటే ఇనుము కరిగించినప్పుడు మిగిలే మడ్డి. దున్నేటప్పుడు నాగలికి తగిలినవన్నీ తెచ్చి అక్కడే పడేసేవాళ్లం. 2014 వేసవిలో ఊరికి వెళ్లేసరికి కుప్ప దగ్గర ట్రాక్టర్ ఉంది. రోడ్డుకు మొరం తక్కువైందని కాంట్రాక్టర్ మనుషులు ఎత్తుకుపోతున్నారు. బాపును అడిగితే "చిట్టెమే కద బిడ్డా, తీస్కపోనీ, చేను సాపైతది" అన్నాడు.

అప్పటికే రెండు ట్రిప్పులు పోయాయి. మూడోది నింపుతుంటే పార కింద నుంచి కొబ్బరి చిప్పంత ముక్క ఒకటి దొర్లింది. బయట గాజు పూత పూసినట్టు మెరుస్తోంది. విరిగిన అంచులో చూస్తే మట్టి నల్లగా ఉంది, నిండా వడ్లపొట్టు అచ్చులు. లోపలి గోడకు చుట్టూ గీత గీసినట్టు సన్నటి అంచు. మా ఊరి కమ్మరి తాత దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన జీవితమంతా లారీ కమాన్ పట్టీలు సాగగొట్టి కొడవళ్లు చేసినవాడు, ఉక్కు తయారీ కళ్లతో చూసినవాడు కాదు. అయినా ముక్కను చాలాసేపు తిప్పి చూసి, "ఇది మూస బిడ్డా. మా తాతలు ఉక్కు చేసేటోళ్లట, ఇండ్లనే" అన్నాడు. ముక్క తిరిగి ఇవ్వబుద్ధి కాక కాసేపు ఒళ్లోనే పెట్టుకున్నాడు.

మూస అంటే లోహం కరిగించే మట్టి పాత్ర. ఆ సన్నటి అంచు ఏమిటో నాకు తర్వాత తెలిసింది. ఇనుప ముక్కల్నీ, బొగ్గుగా మారే పచ్చి ఆకో కట్టెపుల్లో మూసలో వేసి, మూతి మట్టితో మూసి, కొలిమిలో గంటల తరబడి కాలిస్తే ఇనుము కరిగి ఉక్కవుతుంది. కరిగిన ఉక్కు మీద తేలిన చిట్టెం గోడకు అంటుకున్న చోటే ఆ గీత. అంటే పగిలిన పెంకును బట్టి లోపల ఎంత ఉక్కు ముద్ద ఉండేదో లెక్కగట్టొచ్చు. మట్టిలో వడ్లపొట్టు ఊరికే కలపలేదు. పొట్టు కాలిపోయినా అందులోని సిలికా మిగిలి, అంత వేడికి మూస కూలిపోకుండా నిలబెడుతుంది. ఇదంతా పెంకులోనే ఉంది.

రాతలో ఉన్నదెంత? మా దగ్గరి కోనసముద్రంలో ఉక్కు చేయడం చూసి బ్రిటిష్ సర్వే బృందంలో డాక్టరుగా ఉన్న హెన్రీ వాయిసీ రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన ఒక హాజీ అక్కడే కనిపించాడని, పర్షియాలో ఈ ఉక్కు చేయాలని చూసి విఫలమయ్యారని అందులో ఉంది. చాలా విలువైన రాత, కానీ ఒక మనిషి, ఒక ఊరు. మిగతా ఊళ్ల సంగతి? 2010లో బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ నుంచి శారదా శ్రీనివాసన్, ఇంగ్లండ్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి జిలియన్ జులెఫ్, మన తెలంగాణ పరిశోధకుడు జైకిషన్ గారు కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి చిట్టెం కుప్పలు, మూస పెంకులు నమోదు చేశారు. అలాంటి తిరుగుడే ఈ శాస్త్రం. గునపం తర్వాతి మాట.

ఇంకో బాధ కూడా చెప్పాలి. 'ఉక్కు' అన్న మన మాటే తెల్లవాళ్ల నోట 'వూట్జ్' అయింది, ఇప్పుడు మన పిల్లలు ఆ వూట్జ్‌నే పరీక్షలో రాస్తున్నారు. ఇలాంటి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తి అంటే అందరికీ తెలుసు. కోనసముద్రం అంటే జిల్లాలోనే చాలామందికి తెలియదు.

ఇంగ్లండ్‌లో కోల్‌బ్రూక్‌డేల్‌లో అబ్రహాం డార్బీ 1709లో రాక్షసి బొగ్గుతో చేసిన కోక్ వాడి ఇనుము తీసిన కొలిమిని 1959లో మట్టి తొలగించి బయటికి తీశారు. ఆ లోయ 1986లో యునెస్కో జాబితాకు ఎక్కింది. మన దగ్గర పరిశ్రమల వారసత్వం అంటే డార్జిలింగ్, నీలగిరి రైళ్ల దగ్గరే ఆగిపోయాం. ప్రాచీన కట్టడాలను కాపాడే 1958 కేంద్ర చట్టం కిందికి రావాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్లు నిండాలి. మా జిల్లాలోనే 1937లో పెట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. దానికి వందేళ్లు నిండేలోపు ఆ యంత్రాలు తుక్కు కింద పోకుండా ఎవరు చూడాలి? చిట్టెం కుప్పకు వందలేళ్లు ఉన్నా దాన్ని కట్టడం అని ఎవరూ అనరు.

ఆ రోజు ట్రాక్టర్‌కు అడ్డం నిలబడితే కాంట్రాక్టర్ మనిషి "రాళ్లకు కూడా పట్టా ఉందా?" అన్నాడు. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే "విగ్రహం గానీ శాసనం గానీ ఉందా?" అని అడిగారు. లేదన్నాను. అయితే దరఖాస్తు పెట్టుకోండి అన్నారు. పెట్టాను, ఎవరూ రాలేదు.

కాబట్టి నా సలహా ఇది: సర్వే నంబరు ప్రకారం రెవెన్యూ రికార్డులో 'చిట్టెం దిబ్బ' అని ఒక్క మాట ఎక్కించాలి, అది చూడకుండా మొరం తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదు. మీ ఊళ్లో ఇలాంటి కుప్ప ఉంటే పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి, ఏ పెంకు ఎక్కడ దొరికిందో రాసుకోండి, ఇంటికి మాత్రం తెచ్చుకోకండి. చోటు మారితే పెంకు సగం మాట మర్చిపోతుంది. నేను తెచ్చిన ఆ మూస ముక్కను కూడా తర్వాత కుప్పలోనే పెట్టేశాను.

ఇప్పుడు అందులో మిగిలింది మూడో వంతు. చుట్టూ తుమ్మకంప వేసింది బాపే.