శాలువా తప్ప ఏమీ రాని పనికి ఎందుకు దిగుతారంటే

"డబ్బు రాదు, ఓడితే పదిమందిలో పరువు పోతుంది, అయినా కొందరు కష్టమైన పనులు కోరి నెత్తికెత్తుకుంటారెందుకు?" అని అడిగారు. కొండలెక్కేవాళ్ల సంగతి నాకు తెలియదు. నేను ఎత్తుకున్న కష్టమైన పని ఒక్కటే, అష్టావధానం. తెలుగు పండితుణ్ణి కాను, బ్యాంకులో ఉద్యోగం. కాబట్టి ఇది "నీకెందుకయ్యా ఈ గోల" అని చాలాసార్లు అనిపించుకున్నవాడి జవాబు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పద్యాలు చెప్పే అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, కూర్చుంటారు. సాధారణంగా సమస్య (విడ్డూరమైన పాదం ఒకటి ఇస్తారు, అది అర్థవంతమయ్యేలా మిగతా పద్యం చెప్పాలి), దత్తపది (ఇచ్చిన మాటల్ని పద్యంలో ఇమడ్చాలి), వర్ణన, నిషిద్ధాక్షరి (పద్యం సాగుతుండగా పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్ని వాడొద్దంటాడు) అడిగే నలుగురికీ ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదం చొప్పున చెబుతూ, నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తిచేయాలి. ఈలోగా ఒకాయన గంట కొడుతుంటాడు, ఎన్ని కొట్టాడో మనం చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం ఆయనైతే సరిగ్గా పాదం కుదురుతున్న క్షణంలో "అవధానిగారూ, మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?" అంటాడు. దానికీ నవ్వుతూ జవాబివ్వాలి. చివర్లో పద్యాలన్నీ కాగితం చూడకుండా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు. అసలు టెన్షన్ అక్కడే.

పేరు కోసం చేస్తారని చాలామంది అనుకుంటారు. పేరు మీద ఆశ లేదని నేనూ అనను. కానీ పేరు వేదిక మీద రెండు గంటలు నిలబెడుతుందేమోగానీ, ఎవరూ చూడని సాధనకు కూర్చోబెట్టదు. "భాషాసేవ" అనే మాట కూడా మైకు చేతికొచ్చాక పుట్టేదే. నేనూ అన్నాను, అందరం అంటాం. నన్ను దీంట్లోకి లాగింది మాత్రం భాషాసేవ కాదు, ఒక దోమ.

చాటు కథల్లో తెనాలి రామకృష్ణుడికి ఇచ్చినట్టు చెప్పే సమస్య ఒకటుంది: "కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్". ఏనుగుల గుంపు దోమ గొంతులోకి దూరిందట! ఆకాశవాణిలో సమస్యాపూరణం వినే మా నాన్న ఒక రాత్రి భోజనాల దగ్గర దీన్ని నా ముందు పడేశారు. జవాబు వెంటనే చెప్పలేదు. చెప్పి ఉంటే ఆహా అనుకుని మర్చిపోయేవాణ్ణి. పాండవులంతటివాళ్లు విరాటుడి కొలువులో చేరాల్సి వచ్చిందని పూరిస్తే ఏనుగులూ దోమా రెండూ అమరిపోతాయి. అది తెలిసేలోపు నేను చేసుకున్న అడ్డదిడ్డమైన ఊహలున్నాయే, నా మొదటి సాధన అదే. ఎవరో ముడి వేసి చేతిలో పెట్టారు, విప్పకుండా పక్కన పెట్టలేకపోయాను. అప్పటికి కంద పద్యానికి గణాలేమిటో కూడా నాకు తెలియదు.

కష్టం మాత్రమే మనిషిని లాగదని నా నమ్మకం. వందమంది పృచ్ఛకులుండే శతావధానం చేయమంటే నేను ఈ రోజుకీ పరుగో పరుగు. అందీ అందనట్టు ఉండాలి. నిషిద్ధాక్షరినే చూడండి. సరస్వతి మీద కందం చెప్పమన్నారు, "శ్రీ" అన్నాను. శ్రీవాణి అంటానేమోనని పృచ్ఛకుడు "వా" నిషేధించాడు. సరే, శ్రీభారతి అందామని "భా" అన్నాను. ఆయనకూ తెలుసుగా, "ర" వద్దన్నాడు. దారి మూసుకుపోయింది అనుకుంటుండగా "షా" తగిలింది. శ్రీభాషా... మళ్లీ బయటపడ్డాం. ఒక్కో అక్షరం దగ్గర ఓటమి, ఆ పక్క అక్షరం దగ్గరే గెలుపు. దీనికి అలవాటుపడ్డ మనసుకు టీవీ చప్పగా ఉంటుంది. ఇంట్లో మా అమ్మాయి పృచ్ఛకురాలిగా కూర్చునేది. దానికి ఛందస్సు తెలియదు, నోటికొచ్చిన అక్షరమల్లా నిషేధించేది. పెద్ద పండితుల ఆలోచన ఎటు పోతుందో కొంత ఊహించవచ్చు. దాని దగ్గర ఆ వీలు లేదు!

రోషం సంగతి కూడా చెప్పాలి. అవధానాల్లో పేరుమోసిన జంట కవులు తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచి, తమను గెలిచినవారుంటే ఆ మీసాలు తీసి పాదాలకు మొక్కుతామని పద్యంలోనే సవాలు విసిరారు. మాది తాడేపల్లిగూడెం వైపు. వాళ్లిద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గర చదువుకున్న కడియద్ద మాకు దగ్గరే. అందుకని ఈ కథ చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. చాలామంది దాన్ని అహంకారం అంటారు. నాకైతే అది వెనక్కి పోయే దారిని తామే మూసేసుకోవడంలా కనిపిస్తుంది. నేను మీసం జోలికి పోలేదుగానీ, మా ఊరి గుళ్లో నవరాత్రులకు అవధానం చేస్తానని కమిటీవాళ్లకు మాటిచ్చేశాను, కరపత్రాలు అచ్చయ్యాయి. ఆ తర్వాత బద్ధకానికి చోటు లేకపోయింది. "నీ వల్ల కాదు" అని ఎవరైనా అంటే వచ్చే పౌరుషం మాత్రం నా విషయంలో వారం కూడా నిలవలేదు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పృచ్ఛకులు అడ్డుపుల్లలు వేస్తారేగానీ మనం ఓడిపోవాలని కోరుకోరు. ధారణలో అవధాని ఒక్క క్షణం ఆగితే ముందు వాళ్ల ముఖాలే వాడిపోతాయి. అలాంటి ఎనిమిది మంది మధ్య కష్టపడటంలో ఒక సుఖముంది. ఒంటరిగా అయితే ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదు. మా ఆవిడ మాత్రం బీరువాలో చీరల చోటు శాలువాలు ఆక్రమిస్తున్నాయని గొడవ పెడుతోంది, అదీ నిజమే.

ఇప్పుడు కూడా ఒకటి బుర్రలో తిరుగుతోంది. మొన్న ఒక మిత్రుడు వాట్సాప్‌లో దత్తపది పంపాడు: కారు, ఆటో, లారీ, బస్సు. రామాయణార్థంలో పద్యం చెప్పాలి. కారుమేఘంతో కారు గట్టెక్కింది. రావణుడి ఆటోపంలో ఆటో దొరికింది. "వానరులారీతి" అంటే లారీ కూడా వచ్చేసింది. బస్సు ఒక్కటే ఎక్కడా ఇరకడం లేదు. మీలో ఎవరికైనా తడితే కింద రాయండి, కానీ ఆదివారం దాకా ఆగి రాయండి.