పరిచర్య మానలేను, ఇంట్లో బాధ చూడలేను

ప్రశ్న: నా వయసు 36. పదకొండేళ్లుగా మా సంఘంలో పరిచర్య చేస్తున్నాను. ఆదివారం సండే స్కూల్, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం సాయంత్రం క్వైర్ ప్రాక్టీస్. సంఘ క్షేమాభివృద్ధికి ప్రతి విశ్వాసికీ పిలుపు ఉందని పాస్టర్ గారు ఒకసారి వాక్యం చెప్పారు. ఆ రోజే మొదలుపెట్టాను. అప్పుడు ఆరుగురు పిల్లలు వచ్చేవారు, ఇప్పుడు నలభై మందికి పైనే వస్తున్నారు. మా ఆయన కూడా విశ్వాసే, ఒకప్పుడు నాతో కలిసి క్వైర్‌లో పాడేవారు. ఇప్పుడు ఆరాధన అవగానే వెళ్లిపోతున్నారు. "సంఘాన్ని కడుతున్నావు సరే, మన సంగతేంటి?" అంటారు. పోయిన శనివారం రాత్రి సండే స్కూల్ చార్టులు చేద్దామని కూర్చుంటే కత్తెర కనబడలేదు. ఎనిమిదేళ్ల మా బాబు దిండు కింద దాచాడు. కొన్నాళ్లు విశ్రాంతి కావాలని అడిగితే మా సంఘ పెద్ద ఒకరు, "నాగటి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూడకూడదమ్మా" అన్నారు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. చర్చి గ్రూపులో మెసేజ్ శబ్దం వింటేనే గుండె దడగా ఉంటోంది. మానేస్తే దేవుణ్ణి మోసం చేసినట్టా?

జవాబు: సిస్టర్, మీ ఉత్తరంలో ఆ కత్తెర దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. "అమ్మా, ఈ రాత్రి నా పక్కన ఉండు" అని నోరు తెరిచి అడగడం ఆ వయసు పిల్లాడికి తేలిక కాదు. కత్తెర లేకపోతే అమ్మ పని ఆగుతుంది, పని ఆగితే అమ్మ వచ్చి పడుకుంటుంది. వాడి లెక్క అంతే. ఆ రాత్రి కోప్పడి ఉంటే ఉన్నారు, దానికి ఇప్పుడు బాధపడకండి. ఈ రోజు దగ్గర కూర్చోబెట్టుకుని ఎందుకు దాచాడో అడగండి. వాడు చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో ఏమీ సర్దిచెప్పొద్దు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. మోసం చేసినట్టు కానే కాదు. మీ పిలుపు నిజమైనదే, ఆ మాటలో నాకు ఏ అనుమానమూ లేదు. ఆరుగురు పిల్లలు నలభై మంది కావడం ఊరికే జరగదు. కానీ ఆ పిలుపుకి ఒక కొలత ఉంది. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. 16వ వచనం ఒక్కసారి నెమ్మదిగా చదవండి. ప్రతి అవయవమూ "తన తన పరిమాణము చొప్పున" పనిచేస్తేనే శరీరం పెరుగుతుందని అక్కడ ఉంది. ఒక చెయ్యి నాలుగు అవయవాల పని నెత్తిన వేసుకుంటే ఆ చెయ్యి పడిపోతుంది, తక్కిన మూడూ చచ్చుబడిపోతాయి. పన్నెండో వచనంలో కూడా, కాపరులనూ ఉపదేశకులనూ ఇచ్చింది పనంతా వాళ్లే చేయాలని కాదు, పరిశుద్ధులను, అంటే విశ్వాసులను, పరిచర్యకు సిద్ధం చేయాలని. అందుకే మిమ్మల్ని ఒకటి అడగాలనిపిస్తోంది. ఈ పదకొండేళ్లలో మీ పక్కన నిలబడి సండే స్కూల్ నడపడం నేర్చుకున్నవాళ్లు ఎంతమంది? ఉత్తరంలో ఒక్కరి ప్రస్తావన కూడా లేదు. తప్పు పట్టడానికి అడగడం లేదు. ఈ పని మీకు ఎంతో ఇష్టం కాబట్టి ఇంకొకరి చేతిలో పెట్టాలని మీకు తోచి ఉండదు.

నాకూ తోచలేదు. చాలా ఏళ్ల క్రితం పిల్లల క్లాసు నేనొక్కదాన్నే నడిపేదాన్ని. జ్వరం వచ్చి మూడు వారాలు మంచం పట్టాను. మా కూడికలో ఎప్పుడూ వెనక వరుసలో కూర్చుని, గట్టిగా ప్రార్థన కూడా చేయని ఒకమ్మాయి ఆ మూడు వారాలూ క్లాసు చూసుకుంది. తిరిగి వెళ్లేసరికి పిల్లలు ఆమె ఒడిలో ఎక్కి కూర్చున్నారు. సంతోషించాల్సిన చోట నాకు లోపల కలుక్కుమంది. ఆ అమ్మాయి అన్నాళ్లూ వెనక వరుసలోనే ఉండిపోవడానికి నేనూ ఒక కారణమని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఇశ్రాయేలు ప్రజలను ఐగుప్తు నుంచి నడిపించిన మోషే సంగతి చూడండి. నిర్గమకాండము 18లో మామ యిత్రో వచ్చి, "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అంటాడు. ఈ భాగం నాయకత్వం గురించి చెప్పేటప్పుడు అందరూ వాడతారు. కానీ ఆ అధ్యాయం మొదలు చాలామంది దాటేస్తారు. యిత్రో ఆ రోజు ఒంటరిగా రాలేదు. అప్పటిదాకా తన దగ్గరే ఉన్న మోషే భార్య సిప్పోరానూ, ఇద్దరు కొడుకులు గెర్షోమునూ ఎలీయెజెరునూ వెంటబెట్టుకుని వచ్చాడు. మర్నాడు చూస్తే అల్లుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీరుస్తూ కూర్చున్నాడు. నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు ఆ పెద్దమనిషి. చేసేది దేవుని పనే. అయినా ఆ మాట అన్నాడు, మోషే విన్నాడు, వేయిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి నాయకులను పెట్టాడు. మోషే పిలుపేమీ తగ్గిపోలేదు.

నాగలి వచనం గురించి కూడా మాట్లాడాలి, మీ నిద్ర పోయింది దానివల్లే కదా. లూకా 9:62 బరువైన మాట, తేలిక చేయను. ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకుని వచ్చి వెంబడిస్తానన్నవాడికి ప్రభువు ఇచ్చిన జవాబు అది. మీరు ప్రభువును వెంబడించడం మానేస్తానని అనలేదే! క్వైర్ ప్రాక్టీస్‌కి కొన్నాళ్లు రాలేనన్నారు. రెండూ ఒకటి కావు. ఆ ప్రభువే మార్కు 7లో, అమ్మానాన్నలకు చేయాల్సింది చేయకుండా "ఇది కొర్బాను, దేవుడికి ఇచ్చేశాను" అనేవాళ్లను గట్టిగా గద్దించాడు. సిలువ మీద ఉండి తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ఆ పెద్దాయన చెడు ఉద్దేశంతో అన్నారని నేననుకోను. మీరు ఆగితే నలభై మంది పిల్లలను ఎవరు చూస్తారోనని ఆయన టెన్షన్ ఆయనది. అయినా ఆ వచనం మీ మీద పెట్టి ఉండాల్సింది కాదు.

క్షేమాభివృద్ధి అని మన బైబిల్లో ఉన్నచోట గ్రీకులో ఓయికొడొమే అనే మాట ఉంది, ఇల్లు కట్టడం అని దాని అసలు అర్థం. ఆ రోజుల్లో సంఘం కూడుకున్నది కూడా ఇళ్లలోనే. రోమా 16లో ప్రిస్కిల్ల, అకులల ఇంట్లో ఉన్న సంఘానికి పౌలు వందనాలు చెబుతాడు. భార్యాభర్తలిద్దరి పేర్లూ కలిపే రాశాడు. మీ ఆయనా ఒకప్పుడు మీ పక్కన నిలబడి పాడిన మనిషి. ఆయన కోపం దేవుడి మీద అని నాకనిపించడం లేదు. మీ జతలోంచి తనను పక్కకు తప్పించారని ఆయన బాధ. సంఘానికి రానే వద్దని ఆయన అంటుంటే నా జవాబు వేరేగా ఉండేది. ఆయన అలా అనలేదు.

నెహెమ్యా 3వ అధ్యాయంలో కూలిపోయిన యెరూషలేము గోడను తిరిగి కట్టినవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి. బోర్ కొడుతుందని దాటేస్తాం. అందులో చాలాచోట్ల "తన యింటికి ఎదురుగా" అని వస్తుంది. ఎవరి గుమ్మం ముందు పగులు ఉందో వాళ్లు అక్కడ నిలబడి కట్టారు. షల్లూము అనే అతను కూతుళ్లతో కలిసి కట్టాడు. గోడంతా 52 రోజుల్లో పూర్తయింది. మీ గుమ్మం ముందు ఇప్పుడు పగులు ఉంది, దాన్ని బాగుచేయడం కూడా ఆ గోడ పనే.

కాబట్టి సండే స్కూల్ వదలకండి, అది మీ కొలతలోని పని. మిగతా మూడూ కొన్ని నెలలు పక్కన పెట్టండి. వాటిలో ఏది తిరిగి తీసుకోవాలో తర్వాత మీ ఆయనతో కలిసి తేల్చుకోండి. శనివారం సాయంత్రం మాత్రం ఇంటికే. చార్టులు వారం మధ్యలో చేసుకోవచ్చు, ఇద్దరు యవ్వనస్థులను పిలిచి వాళ్లతో చేయించవచ్చు. వాళ్లు చేసినవి వంకరగా వచ్చినా సరిచేయకండి.

ఆయనతో మాట్లాడేటప్పుడు వచనాలు ఎత్తొద్దు. "వారంలో ఏ రోజు మీకు ఎక్కువ కష్టంగా ఉంటోంది?" అని అడిగి, ఆయన చెప్పింది వినండి. మీ సంజాయిషీ మర్నాటికి పెట్టుకోండి. తర్వాత ఇద్దరూ కలిసే పాస్టర్ గారి దగ్గరికి వెళ్లండి. "అయ్యగారూ, నేను పరిచర్య మానడం లేదు. సండే స్కూల్ ఉంచుకుని మూడు పనులు వేరేవాళ్లకు అప్పగించాలనుకుంటున్నాను. ఎవరికి నేర్పించమంటారో చెప్పండి, దగ్గరుండి నేర్పిస్తాను" అనండి. బతిమాలే గొంతుతో అనకండి. వద్దంటే అక్కడే వాదించకుండా, ప్రార్థన చేసుకుని మళ్లీ వెళ్లండి. ఈలోగా శనివారాలు మాత్రం వదులుకోవద్దు.

గ్రూపు మెసేజ్ శబ్దం ఇవాళే ఆపేయండి, రోజుకు ఒకసారి చూస్తే సరిపోతుంది. నిద్ర లేకపోవడం, దడ రెండు వారాలకు మించి ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి. ప్రార్థన చేస్తూనే చూపించుకోవచ్చు.

పాస్టర్ గారు ఏమన్నారో, బాబు ఏం చెప్పాడో రాయండి. మీ ముగ్గురినీ పేరుపేరునా ప్రార్థనలో పెట్టుకున్నాను.