ఆపి ఉన్న కారులో నిద్రపోయినా డీయూఐ కేసు పెట్టొచ్చా?

అమెరికాలో బార్ బయట పార్కింగ్‌లో, ఆపి ఉన్న కారులో నిద్రపోతున్న మీ తమ్ముడిని పోలీసులు లేపి డీయూఐ (తాగి బండి నడపడం) కింద తీసుకెళ్లారు, బండి అంగుళం కూడా కదల్లేదు, కేసు నిలుస్తుందా అని అడిగారు. ఏ రాష్ట్రమో మాత్రం రాయలేదు. సగం జవాబు అక్కడే ఉంది.

మనవాళ్ల బుర్రలో ఉండేది ఇండియా చట్టం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ బండి నడుపుతున్నవాడికి, నడపబోతున్నవాడికి వర్తిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు అక్కడ ఆగవు. బండి మీ అదుపులో ఉంటే చాలంటాయి. కాలిఫోర్నియా కొంచెం నయం: 1991లో మెర్సర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు బండి కాస్తయినా కదలాలని తేల్చింది. న్యూజెర్సీ దానికి పూర్తిగా ఎదురు. ఇంజను ఆన్‌లో పెట్టి సీట్లో నిద్రపోయినా నడిపినట్టేనని 2020లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. టెక్సస్ చట్టం 'ఆపరేట్' అంటుందే గానీ దానికి అర్థం ఇవ్వదు. పరిస్థితులన్నీ కలిపి చూసి తేలుస్తారు.

అందరూ తిరగేయాల్సింది మేరీలాండ్‌లో 1993 నాటి అట్కిన్సన్ కేసు. రోడ్డు పక్కన ఆగిన బండి, డ్రైవర్ సీట్లో మనిషి నిద్ర, తాళం ఇగ్నిషన్‌లోనే, కానీ ఇంజను ఆఫ్. పైకోర్టు శిక్ష కొట్టేసింది. బండిని తల దాచుకోవడానికి వాడుకున్నాడా, కాసేపట్లో రోడ్డెక్కేవాడా అన్నదే అసలు ప్రశ్న అంది. అది తేల్చడానికి ఇంజను, మనిషి కూర్చున్న చోటు, మెలకువా నిద్రా, తాళం ఎక్కడుంది, హెడ్‌లైట్లు, బండి రోడ్డు మీద ఉందా చట్టప్రకారం పార్క్ చేసి ఉందా అని చూడమంది. మీ తమ్ముడి పోలీసు రిపోర్టు తెప్పించి, వీటిలో ఒక్కోదానికి ఎదురుగా ఏం రాశారో గుర్తు పెట్టుకోండి.

చలికాలంలో కేసు ఎక్కడ చెడుతుందంటే, హీటర్ కోసం ఇంజను వేస్తారు, సీటు వెనక్కి వాల్చి డ్రైవర్ వైపే పడుకుంటారు, రిమోట్ తాళం జేబులో ఉంటుంది. పుష్ బటన్ కార్లలో తాళం లోపల ఉంటే చాలు, నొక్కితే స్టార్ట్ అవుతుంది. 'తాళం డిక్కీలో పడేస్తే సేఫ్' అని వాట్సాప్‌లో తిరిగే సలహా ఈ కార్లకు పెద్దగా పనికిరాదు. వెనక సీట్లో పడుకుని, ఇంజను ఆపి, తాళం బార్‌లోనో స్నేహితుడి దగ్గరో వదిలేయడం చాలా మేలు. క్యాబ్ పిలవడం అంతకన్నా మేలు. బుక్ చేసినట్టు ఫోన్లో టైముతో ఉండే రికార్డు తర్వాత కోర్టులో పనికొస్తుంది కూడా.

అన్నిటికంటే ఎక్కువ కొంప ముంచేది నోరు. "ఎక్కడి నుంచి వస్తున్నారు?" అంటే "ఇప్పుడే ఫ్రెండ్ ఇంటి నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను సార్" అని మర్యాదగా చెప్పేస్తారు. పోలీసు చూడని డ్రైవింగ్‌కి సాక్ష్యం అక్కడ దొరుకుతుంది. లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఇచ్చి, లాయర్ లేకుండా ప్రశ్నలకు జవాబు చెప్పనని నెమ్మదిగా అంటే సరిపోతుంది. అరెస్టు తర్వాత చేసే శ్వాస, రక్త పరీక్షల సంగతి వేరు. కాదంటే లైసెన్సు పోతుంది, టెక్సస్‌లో మొదటిసారికి 180 రోజులు. ఆ సస్పెన్షన్‌పై హియరింగ్ అడగడానికి టెక్సస్‌లో 15 రోజులు, కాలిఫోర్నియాలో 10 రోజులే గడువు. క్రిమినల్ కేసు వాయిదా ఇంకా దూరముంది కదా అని కూర్చుంటే ఇది దాటిపోతుంది. పార్కింగ్ కెమెరా ఫుటేజ్ కూడా కొన్నాళ్లకు చెరిగిపోతుంది, దాన్ని దాచి ఉంచమని ఈ వారమే లాయర్‌తో ఉత్తరం రాయించండి.

ఇంకొకటి. న్యూజెర్సీలో తాగినవాడి చేతికి తెలిసి మీ కారు ఇస్తే, నడపని మీ మీద కూడా అదే కేసు. మన మోటారు వాహనాల చట్టం 188వ సెక్షన్ కూడా తాగి నడపమని ప్రోత్సహించినవాడికి అదే శిక్ష అంటుంది. పక్క సీట్లో కూర్చుని "పోనీరా, ఏం కాదు" అనేవాళ్లు ఇది చదవాలి.

ఇక మీ తమ్ముడు హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉంటే అసలు దెబ్బ కోర్టులో కాదు. అరెస్టు అయితే చాలు, శిక్ష పడకపోయినా, కేసు కొట్టేసినా, కాన్సులేట్ వీసా రద్దు చేయొచ్చు. 2015 నుంచి ఇదే పద్ధతి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు రద్దయినంత మాత్రాన అమెరికాలో ఉండేందుకున్న స్టేటస్ దానంతటదే పోదు. దేశం దాటితే మాత్రం కొత్త వీసా కావాలి. గత ఐదేళ్లలో ఒక్క అరెస్టు ఉన్నా కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర మెడికల్ చేయించుకోవాలి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టు ప్రశ్నకు 'నో' పెట్టమనే పెద్దమనుషులున్నారు, వాళ్ల మాట అసలు వినకండి. వేలిముద్రలు ఎప్పుడో రికార్డుల్లోకి ఎక్కేశాయి, అబద్ధం చెప్పినందుకు పడే నిషేధం డీయూఐ కంటే ఘోరం. కేసు తేలేదాకా పెళ్లికైనా సరే ఇండియా టికెట్ కొనొద్దని చెప్పండి. తేలాక కోర్టు క్లర్క్ దగ్గర ముద్ర వేసిన తుది ఉత్తర్వు కాపీలు రెండు మూడు తీసుకోండి, మామూలు జిరాక్స్ ఇంటర్వ్యూలో చెల్లదు.